పన్నెండు నిమిషాలు

హచినోహె రేవులో మంచు కురుస్తోంది.
ఆస్పత్రి రెండో అంతస్తు, ఎక్స్‌రే గది.
ఏడున్నరకి మొదటి పేరు: తోయొమా ఫుసాఎ, డెబ్బై ఒకటి.
రాత్రి తొమ్మిది నుంచి ఏమీ ముట్టలేదు,
"టీ చుక్క కూడా" అంటూ ప్రమాణం చేసినట్టు చెయ్యెత్తింది.
ఆ వేళ్ల మీద సన్నటి కోతలు, పాతవి,
నలభై ఏళ్లు స్క్విడ్ పొట్టలు చీల్చిన కత్తి
అప్పుడప్పుడూ దారి తప్పిన చోట్లు.

ట్రేలో హయోసిన్ సూది సిద్ధంగానే ఉంది.
కాగితం మీది ప్రశ్నలు చదివాను.
గుండె దడ? లేదు.
కంటిలో ఒత్తిడి?
"ఉంది. ఎడమ కంట్లో చుక్కలు వేసుకుంటాను.
కడుపుకి తీసే ఫొటోకి కన్నుతో ఏం పని?"
ఏం పనో చెప్పడం నాకు చేతకాలేదు.
డాక్టర్ ఇషిగురో పెన్నుతో ఒక గీత కొట్టి
పక్కన గ్లూకగాన్ అని రాశాడు.

నర్సు పొడి సీసాలోకి నీళ్లు ఎక్కించి
పిచ్చుక గుడ్డుని పట్టుకున్నట్టు
అరచేతుల మధ్య దొర్లించింది.

ఈ మందు పరాయిది కాదు.
మన లోపలే పుట్టే మాట.
ఆకలి ముదిరినప్పుడు క్లోమం
కాలేయానికి పంపే కబురు: గాదె తలుపు తియ్యి.
అదే కబురు కాస్త గట్టిగా వినిపిస్తే
కడుపు కూడా పని మాని చెవి ఒగ్గుతుంది.
ఎందుకో నాకు తెలియదు.

"ఎంతసేపు ఆగుతుంది?"
పది, పన్నెండు నిమిషాలు.
"పుట్టాక దానికిదే మొదటి సెలవు."
ఆ నవ్వు సగంలో ఉండగానే గ్లాసు ఇచ్చాను.
బేరియం. సున్నం కలిపిన పెరుగులా, బరువుగా.
నురగ పొడి మింగాక త్రేన్చకూడదన్నాను.
రేవు ఆడవాళ్లకి అంతకన్నా శిక్ష లేదంది.

బల్ల వాలింది. ఎడమకి తిరగండి.
ఇంకొంచెం. ఊపిరి బిగపట్టండి.

మందు పడని కడుపు ఊరుకోదు,
అల మీద అల తోస్తూనే ఉంటుంది,
తీసిన ప్రతి బొమ్మా తడిచెయ్యి తగిలినట్టు అలుక్కుపోతుంది.
ఇవాళ తెర మీద ఆమె కడుపు
నీళ్లు వెనక్కి పోయిన ఒడ్డులా ఆగింది.
ఇసుక మీద సముద్రం గీసి వదిలిన గీతల్లా మడతలు,
వాటి సందుల్లో తెల్లగా, నిలవనీరు.

"పొట్ట కోసేశాక కూడా," బల్ల మీంచే అంది,
"స్క్విడ్ చర్మం రంగులు మారుస్తూనే ఉంటుంది,
చచ్చిపోయావని దానికెవరూ చెప్పనట్టు."
మాట్లాడకండి, అన్నాను.
ఆరో నిమిషం.

కింది వంపు దగ్గర మూడు మడతలు
ఒకే చుక్క వైపు వాలి ఆగిపోయాయి.
ఇంకో బొమ్మ తీశాను.
కుడికి తిప్పి మరొకటి.
మెత్తతో నొక్కి మరొకటి.
"ఇన్ని అని ముందు చెప్పలేదే?"
బొమ్మ సరిగ్గా రాలేదన్నాను.
బొమ్మ చాలా సరిగ్గా వచ్చింది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు.
చించకుండా చూసినది ఎవరి మీద పడుతుందో?
ఆమెకి చెప్పాల్సింది ఇషిగురో, శుక్రవారం నాడు.
నాది గాజు వెనక మీట నొక్కే ఉద్యోగం.

పదకొండో నిమిషంలో కింది ద్వారం దగ్గర
చిన్న వణుకు. తర్వాత ఒక అల,
నిద్ర తీరని పిల్లాడు దుప్పటి తన్నినట్టు.

బయట బెంచీ మీద నర్సు ఆమెకి
బేరియం దిగిపోవడానికి రెండు గులాబీ మాత్రలు ఇచ్చింది,
ఒక మిఠాయి బిళ్ల కూడా:
"కాసేపట్లో చక్కెర పడిపోవచ్చు, ఏమైనా తినండి."
ఫుసాఎ సంచిలోంచి అన్నం ముద్ద తీసింది,
లోపల ఊరబెట్టిన ఉమె కాయ.
ముద్ద నోటిదాకా రాకముందే
ఆమె కడుపు నడవా అంతా వినబడేలా గుర్రుమంది.
"లేచింది," అంది నావైపు చూసి, సిగ్గు లేకుండా.

చేతిలో జాబితా ఉంది.
రెండో పేరు పిలవాలి.
ఇంకా పిలవలేదు.